కరెంటు పోయి వచ్చినా తనంతట తానే లేచే ఇంటి సర్వర్: మినీ పీసీ మీద హోమ్ అసిస్టెంట్ ఎలా పెట్టాలి

"ఇంట్లో లైట్లు, గీజర్, ఫ్యాన్లు ఒకేచోట నుంచి నడపడానికి చిన్న కంప్యూటర్ పెట్టుకోవాలి. ఏది కొనాలి? ఎలా పెట్టాలి? కరెంటు పోతే ఏమవుతుంది?" ఈ మూడు ప్రశ్నలూ నన్ను తరచూ అడుగుతుంటారు. అడిగేవాళ్లలో సగం మంది అమెరికాలోనో, బెంగళూరులోనో ఉండి ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి ఇది అమర్చాలనుకునేవాళ్లే. వాళ్లకు మూడో ప్రశ్నే అసలు ప్రశ్న. అందుకే ఈ గైడ్‌లో ఆటోమేషన్లు, అంటే మనం నొక్కకుండానే జరిగిపోయే పనులు, చివర్లో వస్తాయి. ముందు మెషిన్ తన కాళ్ల మీద తాను నిలబడాలి.

సాఫ్ట్‌వేర్‌గా హోమ్ అసిస్టెంట్‌ను తీసుకున్నాను. 2013లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది, ఉచితం. ఇంట్లోనే నడుస్తుంది కాబట్టి ఇంటర్నెట్ పోయినా, ఇంటి లోపలే మాట్లాడుకునే పరికరాలన్నీ పని చేస్తూనే ఉంటాయి. మెనూల పేర్లు స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఎలా ఉంటాయో అలాగే తెలుగు లిపిలో రాస్తున్నాను. వెర్షన్ మారితే ఒకటి రెండు పేర్లు అటూ ఇటూ కావచ్చు.

ఏమేం కావాలి

మినీ పీసీ. కొత్తదైతే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న డబ్బా చాలు. నాలుగు కోర్లు, 6 వాట్ల తరగతి చిప్. సెకండ్ హ్యాండ్ అయితే ఆఫీసుల నుంచి బయటికొచ్చే డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ లాంటివి బాగుంటాయి. డెల్ వైస్ 5070 లాంటి థిన్ క్లయింట్లు (ఆఫీసుల్లో పెద్ద సర్వర్‌కు కలిపి వాడే చిన్న కంప్యూటర్లు) కూడా ఈ పనికి సరిపోతాయి. కానీ కొన్నిటిలో 16 జీబీ స్టోరేజీయే ఉంటుంది, అది చాలదు. వైస్ 5070లో ఎస్‌ఎస్‌డీ వేయాలనుకుంటే ఎం.2 సాటా రకమే కొనండి, ఎన్‌వీఎంఈ రకం అందులో పని చేయదు.

ర్యామ్ 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. సీసీ కెమెరాల పని కూడా పెట్టాలంటే 8 జీబీ తీసుకోండి. డిస్కు కనీసం 32 జీబీ, వీలైతే 128 జీబీ ఎస్‌ఎస్‌డీ.

వీటితోపాటు ల్యాన్ కేబుల్ ఒకటి, 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కావాలి. మానిటర్, కీబోర్డు, మౌస్ మొదటి రోజుకే కావాలి, అరువు తెచ్చుకున్నా చాలు. సీఆర్2032 బటన్ సెల్ కూడా ఒకటి కొనిపెట్టుకోండి. పాత మెషిన్ అయితే ఇది తప్పనిసరి, ఎందుకో రెండో మెట్టులో చెబుతాను.

పాత డెస్క్‌టాప్ మూలన పడి ఉంది కదా, అది వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. పని చేస్తుంది. కానీ లెక్క చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు కూడా 60 వాట్లు లాగే డెస్క్‌టాప్ రోజంతా నడిస్తే నెలకు 43 యూనిట్లు. 8 వాట్లు లాగే మినీ పీసీ అయితే నెలకు 6 యూనిట్ల లోపే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడుకుని జీరో బిల్లు అందుకుంటున్న ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి.

పాత ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కదా, యూపీఎస్‌లా పనికొస్తుంది అనిపిస్తుంది. కానీ ఏళ్ల తరబడి చార్జింగ్‌లోనే ఉంచిన పాత బ్యాటరీ ఉబ్బుతుంది. పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంట్లో అలాంటిది వదిలి రావద్దు.

రాస్‌బెర్రీ పై 4 లేదా 5 మీ దగ్గర ఇప్పటికే ఉంటే అదే వాడండి. కొత్తగా కొనేటప్పుడు మాత్రం పై బోర్డు, అడాప్టర్, డబ్బా, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిపి ఎంతవుతుందో చూసి, ఆ ధరను సెకండ్ హ్యాండ్ మినీ పీసీతో పోల్చుకోండి. ఎస్‌డీ కార్డు మీద మాత్రం ఏళ్ల తరబడి నడపొద్దు. ఈ సాఫ్ట్‌వేర్ ప్రతి సెన్సర్ మార్పునూ డేటాబేస్‌లో రాస్తూనే ఉంటుంది, ఆ రాతలకు కార్డు అరిగిపోతుంది.

1. ముందు చోటు చూసుకోండి

రూటర్ పక్కనే, గాలి ఆడే చోట, ఇన్వర్టర్ లైను వచ్చే ప్లగ్ పాయింట్ దగ్గర పెట్టండి. ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని మీట ఉంటే యూపీఎస్ మోడ్‌లో ఉంచండి. కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే అవకాశం తగ్గుతుంది.

ఇన్వర్టర్ లేని ఇంట్లో రూటర్ల కోసం అమ్మే చిన్న డీసీ యూపీఎస్ వాడొచ్చు. కొనేముందు మినీ పీసీ అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టేజీ చూడండి. ఎన్100 డబ్బాలు చాలావరకు 12 వోల్టులవి. ఆప్టిప్లెక్స్, థింక్‌సెంటర్ లాంటివి 19.5 లేదా 20 వోల్టులవి, వాటికి 12 వోల్టుల యూపీఎస్ పెట్టొద్దు. ఆంపియర్లు కూడా సరిపోవాలి.

ఇంటర్నెట్ ఫైబర్ డబ్బాను, రూటర్‌ను కూడా అదే బ్యాకప్ మీద పెట్టండి. సర్వర్ బతికి ఉండి రూటర్ పడుకుంటే ఇంట్లో ఎవరి ఫోనూ సర్వర్‌ను చూడలేదు.

2. బయోస్ సరిచేయండి

ఈ మెట్టును తొందరపడి దాటేస్తే తర్వాత ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడాల్సి వస్తుంది. మెషిన్ ఆన్ చేసిన వెంటనే డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో ఎఫ్1, చాలా ఎన్100 డబ్బాల్లో డిలీట్ కీ నొక్కుతూ ఉంటే బయోస్, అంటే విండోస్ లాంటివి మొదలవకముందే వచ్చే మెషిన్ సొంత సెట్టింగుల పేజీ, తెరుచుకుంటుంది. అందులో మూడు చోట్ల మార్చాలి.

మొదటిది, బూట్ మోడ్ (మెషిన్ మొదలయ్యే పద్ధతి) యూఈఎఫ్‌ఐలో ఉండాలి. లెగసీలో ఉంటే హోమ్ అసిస్టెంట్ బూట్ కాదు.

రెండోది, సెక్యూర్ బూట్ డిజేబుల్ చేయాలి. "అన్నీ సరిగ్గా చేశాను, బూట్ డివైస్ లేదంటోంది" అని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే చూడమని.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. కరెంటు పోయి వచ్చాక మెషిన్ తనంతట తాను ఆన్ కావాలి. డెల్‌లో దీన్ని ఏసీ రికవరీ అంటారు, పవర్ ఆన్ అని పెట్టండి. హెచ్‌పీ, లెనోవోల్లో ఆఫ్టర్ పవర్ లాస్ అని ఉంటుంది, అక్కడా పవర్ ఆన్. ఎన్100 డబ్బాల్లో స్టేట్ ఆఫ్టర్ జీ3 అని అర్థం కాని పేరుతో కనిపిస్తుంది. దాన్ని ఎస్0 స్టేట్‌కు మార్చాలి. ఎస్5 అంటే ఆఫ్‌లోనే ఉండిపోతుంది. లాస్ట్ స్టేట్ అనే ఎంపిక ఉన్నా దాన్ని వదిలేసి పవర్ ఆన్ పెట్టండి.

ఇప్పుడు బటన్ సెల్ సంగతి. బయోస్ సెట్టింగులూ గడియారమూ నిలిచి ఉండేది మదర్‌బోర్డు మీది ఆ చిన్న బ్యాటరీతోనే. మా ఊరి ఇంట్లో నేను పెట్టిన సెకండ్ హ్యాండ్ మెషిన్ రెండు నెలలు చక్కగా నడిచింది. ఒక రాత్రి గాలివానకు నాలుగు గంటలు కరెంటు లేదు, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అయిపోయింది. పొద్దున్నే నాన్న ఫోన్.

"ఒరేయ్, ఆ డబ్బా లైటు వెలుగుతూనే ఉంది కానీ ఏదీ పని చేయట్లేదురా."

"ప్లగ్ ఒకసారి తీసి పెట్టండి నాన్నా."

"మూడుసార్లు పెట్టాను. అదే లైటు, అదే తీరు."

హాల్లో టీవీకి ఉన్న హెచ్‌డీఎంఐ కేబుల్ పీకించి, దాన్ని డబ్బాకు పెట్టిస్తే అప్పుడు కనబడింది. గడియారం సరిగ్గా లేదు, ముందుకు వెళ్లాలంటే ఎఫ్1 నొక్కు అని నల్ల తెర మీద ఒక లైను. ఇంట్లో కీబోర్డు లేదు. పక్కింటి అబ్బాయి తెచ్చి ఎఫ్1 నొక్కేవరకు సర్వర్ అలాగే నిలబడిపోయింది. బటన్ సెల్ అయిపోయిందన్నమాట. దాని ఖరీదు ఒక పూట టిఫిన్ ఖర్చు కంటే తక్కువ. పాత మెషిన్ కొంటే మొదటి రోజే మార్చేయండి, మార్చాక బయోస్ సెట్టింగులు మళ్లీ పెట్టండి. కీబోర్డు లేకపోతే ఆగిపోయే మెషిన్లు కూడా ఉంటాయి. బయోస్‌లో కీబోర్డ్ ఎర్రర్స్ అని కనబడితే డిజేబుల్ చేయండి.

3. డిస్కు మీద హోమ్ అసిస్టెంట్ రాయండి

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటి ముందే చెబుతాను. హోమ్ అసిస్టెంట్ ఇమేజ్ ఫైలు (డిస్కు మీదకు ఉన్నదున్నట్టు ఎక్కించే నకలు) విండోస్ లాగా ఇన్‌స్టాలర్ కాదు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో రాసి బూట్ చేస్తే "ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి" అని అడగదు, ఆ పెన్‌డ్రైవ్ మీద నుంచే నడవడం మొదలెడుతుంది. అంతా బాగుందనుకుంటారు. కొన్ని నెలలకు పెన్‌డ్రైవ్ చచ్చిపోతుంది. ఇమేజ్ నేరుగా లోపలి డిస్కు మీదకే వెళ్లాలి. దానికి ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తాత్కాలికంగా వాడుకుంటాం.

మీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు డెస్క్‌టాప్ ఐఎస్‌ఓ ఫైలు దింపుకుని, బలీనా ఎచర్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌లో రాయండి. మినీ పీసీకి ల్యాన్ కేబుల్, పెన్‌డ్రైవ్ పెట్టి, బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. బూట్ మెనూ కోసం డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఉబుంటు వచ్చాక ట్రై ఉబుంటు నొక్కండి. ఇన్‌స్టాల్ నొక్కొద్దు.

అక్కడే ఫైర్‌ఫాక్స్ తెరిచి, హోమ్ అసిస్టెంట్ అధికారిక సైట్‌లో ఇన్‌స్టాలేషన్ పేజీకి వెళ్లి, జెనరిక్ ఎక్స్86-64 ఇమేజ్ దింపుకోండి. రాస్‌బెర్రీ పైది పొరపాటున దింపొద్దు, ఈ మెషిన్‌లో అది లేవదు.

తర్వాత డిస్క్స్ అనే అప్లికేషన్ తెరవండి. ఎడమవైపు డిస్కుల వరుస కనబడుతుంది. ఇక్కడ ఒక నిమిషం ఆగి సైజులు చూడండి. 16 జీబీది మీ పెన్‌డ్రైవ్, 128 జీబీది లోపలి ఎస్‌ఎస్‌డీ. లోపలి డిస్కును ఎంచుకుని, పైన మూడు చుక్కల మెనూలో రిస్టోర్ డిస్క్ ఇమేజ్ నొక్కి, దింపిన ఫైలు చూపించండి. కింద గళ్లలో కనిపించే పార్టిషన్ మీది మెనూ కాకుండా, పైనున్న మొత్తం డిస్కు మెనూయే వాడాలి. పార్టిషన్ లోపల రాస్తే బూట్ కాదు.

హెచ్చరిక: ఆ డిస్కులో ఉన్నదంతా పోతుంది. సెకండ్ హ్యాండ్ మెషిన్‌లోని విండోస్ కూడా పోతుంది, తిరిగి రాదు.

రాయడం పూర్తయ్యాక షట్‌డౌన్ చేసి, పెన్‌డ్రైవ్ తీసేసి, మళ్లీ ఆన్ చేయండి.

ఇంకో దారి కూడా ఉంది. స్క్రూడ్రైవర్ పట్టడం అలవాటైతే ఎస్‌ఎస్‌డీ బయటికి తీసి, యూఎస్‌బీ కేస్‌లో పెట్టి, ల్యాప్‌టాప్ నుంచే ఎచర్‌తో ఇమేజ్ రాసి తిరిగి బిగించండి. ఉబుంటుతో పని ఉండదు.

4. మొదటిసారి తెరవడం

ఆన్ చేశాక తెర మీద అక్షరాలు పరుగెత్తి, చివరికి హోమ్ అసిస్టెంట్ పేరూ ఐపీ అడ్రసూ కనిపిస్తాయి. 192.168.1.37 లాంటి ఆ నంబరు రాసుకోండి. అదే వైఫైలో ఉన్న ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో బ్రౌజర్ తెరిచి ఆ నంబరు, తర్వాత కోలన్, 8123 కొట్టండి, 192.168.1.37:8123 అన్నట్టు.

తెరుచుకోకపోతే బ్రౌజర్ తనంతట తాను ముందు హెచ్‌టీటీపీఎస్ తగిలించిందేమో చూడండి. చివరి ఎస్ తీసేయాలి. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉన్నా కనబడదు.

మొదట ప్రిపేరింగ్ హోమ్ అసిస్టెంట్ అని వస్తుంది. నెట్ వేగాన్ని బట్టి 20 నిమిషాలు కూడా పట్టొచ్చు. ఆగిపోయిందేమోనని ప్లగ్ పీకొద్దు, టీ తాగి రండి. 20 నిమిషాలు దాటినా కదలకపోతే ల్యాన్ కేబుల్‌లో నెట్ వస్తోందో లేదో చూడండి. మొదటిసారి ఇంటర్నెట్ తప్పనిసరి.

తర్వాత పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. మ్యాప్ మీద ఇల్లు సరిగ్గా గుర్తించండి. టైమ్ జోన్ ఏషియా కోల్‌కతా అని ఉండాలి. అమెరికా నుంచి తెచ్చిన మెషిన్‌లో, అమెరికా ఖాతాతో చేసేవాళ్లు ఇక్కడే పొరపడతారు. మ్యాప్ మీద ఇల్లు అమెరికాలోనే ఉండిపోతే, సూర్యాస్తమయానికి వెలగాల్సిన వరండా లైటు తెల్లవారుజామున వెలుగుతుంది.

5. ఐపీ అడ్రస్ కదలకుండా కట్టేయండి

రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ లేదా అడ్రస్ రిజర్వేషన్ అనే చోట మినీ పీసీ మ్యాక్ అడ్రస్‌కు (నెట్‌వర్క్‌లో ఆ మెషిన్‌ను గుర్తుపట్టే మారని గుర్తు) ఒక నంబరు కేటాయించండి. లేకపోతే కరెంటు పోయి వచ్చాక రూటర్ కొత్త నంబరు ఇవ్వొచ్చు, ఫోన్లలో పెట్టుకున్న లింకు పని చేయదు. సర్వర్ బాగానే ఉన్నా అందరూ చెడిపోయిందనుకుంటారు. రూటర్‌లో ఆ సౌకర్యం లేకపోతే హోమ్ అసిస్టెంట్‌లోనే సెట్టింగ్స్, సిస్టమ్, నెట్‌వర్క్‌లోకి వెళ్లి స్టాటిక్, అంటే మారని నంబరు, పెట్టొచ్చు. గేట్‌వే నంబరు (రూటర్ ఐపీ) తప్పు కొడితే మెషిన్ నెట్‌వర్క్ నుంచి మాయమవుతుంది. అందుకని మానిటర్ ఇంకా తగిలించి ఉండగానే ఈ పని చేయండి.

6. ప్లగ్ పీకి పరీక్షించండి

ఇంకా ఏ పరికరమూ కలపలేదు కాబట్టి ఇదే సరైన సమయం. మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నీ తీసేయండి. ఇంట్లో అది రేపటి నుంచి ఎలా ఉంటుందో అలాగే పరీక్షించాలి.

మొదట సెట్టింగ్స్ నుంచి సక్రమంగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, నిమిషం ఆగి పెట్టండి. బటన్ నొక్కకుండానే లేవాలి. ఐదు నిమిషాల్లో ఫోన్‌లో పేజీ తెరుచుకోవాలి.

తర్వాత నడుస్తుండగానే గోడ మీది స్విచ్ ఆపి, నిమిషం తర్వాత వేయండి. ఇదే పని రూటర్‌ను కూడా కలిపి ఇంకోసారి చేయండి. ఊళ్లో నిజంగా జరిగేది అదే కదా, రెండూ ఒకేసారి పోతాయి, ఒకేసారి వస్తాయి. సర్వర్ ముందు లేచి రూటర్ తర్వాత లేస్తే ఐపీ దొరక్క తికమక పడుతోందేమో ఇక్కడే తెలుస్తుంది.

చివరగా ఒక గంట పూర్తిగా ప్లగ్ తీసి ఉంచి పెట్టండి. బటన్ సెల్ బలహీనంగా ఉంటే ఈ పరీక్షలో బయటపడుతుంది. ఈ నాలుగూ దాటకుండా ఏడో మెట్టుకు వెళ్లొద్దు.

7. బ్యాకప్

సెట్టింగ్స్, సిస్టమ్, బ్యాకప్స్‌లో ఆటోమేటిక్ బ్యాకప్ రోజూ జరిగేలా పెట్టండి. బ్యాకప్ అదే డిస్కులో ఉంటే, డిస్కు పోయిన రోజు బ్యాకప్ కూడా పోతుంది. గూగుల్ డ్రైవ్‌ను కలిపితే కాపీ అక్కడికి వెళ్తుంది.

ఇక్కడ ఎన్‌క్రిప్షన్ కీ (బ్యాకప్ తాళం తెరిచే కోడ్) ఉన్న చిన్న ఫైలు ఇస్తుంది. దాన్ని ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ దాచుకోండి. ఆ కీ సర్వర్‌లోనే ఉండి సర్వర్ చెడిపోతే, డ్రైవ్‌లోని బ్యాకప్ తెరవలేరు.

8. మొదటి పరికరాలు

వైఫై ప్లగ్గులు తేలిక, ముందు ఒకటి కొని చూడండి. పది పదిహేను దాటేలా ఉంటే జిగ్‌బీ (వైఫై కాకుండా పరికరాలు మాట్లాడుకునే వేరే వైర్‌లెస్ పద్ధతి) మేలు, రూటర్ మీద బరువు పడదు. జిగ్‌బీకి ఒక యూఎస్‌బీ డాంగిల్ కావాలి.

ఆ డాంగిల్‌ను నేరుగా మినీ పీసీ వెనక గుచ్చొద్దు. యూఎస్‌బీ 3 పోర్టులు, ఎస్‌ఎస్‌డీలు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద చేస్తాయి, జిగ్‌బీ పని చేసేది కూడా అక్కడే. "పక్క గదిలో సెన్సర్ కూడా దొరకట్లేదు" అన్నవాళ్లలో చాలామందికి ఒక మీటరు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో సమస్య తీరిపోయింది. డాంగిల్‌ను రూటర్‌కు కూడా కాస్త ఎడంగా పెట్టండి.

స్మార్ట్ బల్బుల కంటే గోడ స్విచ్ వెనక పెట్టే రిలే మాడ్యూలే (సర్వర్ చెబితే కరెంటును కలిపి, తెంపే చిన్న స్విచ్) మన ఇళ్లకు సరిపోతుంది. స్మార్ట్ బల్బు ఉన్న చోట అమ్మ అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తుంది, బల్బు సర్వర్‌కు దొరకదు. రిలే అయితే గోడ స్విచ్ ఎప్పటిలాగే పని చేస్తుంది, సర్వర్ ఆగిపోయిన రోజు కూడా. దీనికి స్విచ్ బోర్డులో న్యూట్రల్ వైరు కావాలి. సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ ఉంటుంది. వైరింగ్ పని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. ఎంసీబీ ఆపి, టెస్టర్ పెట్టి చూశాకే చేయి పెట్టాలి.

బోరు మోటారును ఈ చిన్న రిలేలతో నేరుగా నడపొద్దు. ఒక హార్స్ పవర్ మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది, రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కుంటే ఆఫ్ చేసినా మోటారు ఆగదు. మధ్యలో కాంటాక్టర్ (పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్) ఉండాలి. మోటారు కరెంటు భారమంతా కాంటాక్టర్ మీద, రిలే పని కాంటాక్టర్ కాయిల్‌ను వేయడం, ఆపడం మాత్రమే.

ఫ్యాన్ వేగానికి లైటు డిమ్మర్ వాడొద్దు. ఫ్యాన్ కోసమే చేసిన మాడ్యూల్ కొనండి.

కలిపిన ప్రతి పరికరానికీ పవర్ ఆన్ బిహేవియర్ అనే సెట్టింగ్ చూడండి. కరెంటు వచ్చాక అది ఆన్ కావాలా, ఆఫ్‌లో ఉండాలా, ఇంతకుముందు ఉన్నట్టే ఉండాలా అనేది అదే. దీన్ని చూసుకోకపోతే రాత్రి రెండింటికి కరెంటు వచ్చినప్పుడు పడకగది లైట్లన్నీ ఒక్కసారి వెలుగుతాయి. లైట్లకు మునుపటి స్థితి, గీజర్‌కు తప్పకుండా ఆఫ్ పెట్టండి.

9. మొదటి ఆటోమేషన్: 20 నిమిషాలకు గీజర్ ఆగిపోవాలి

16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ మాత్రమే వాడండి. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 10 ఆంపియర్ల ప్లగ్ అంచున నడిచి వేడెక్కుతుంది. పది నిమిషాలు నడిపి ప్లగ్ మీద చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చేయి పెట్టలేనంత ఉంటే సాకెట్ వదులుగా ఉన్నట్టు, వెంటనే ఆపి సాకెట్ మార్పించండి.

సెట్టింగ్స్‌లో ఆటోమేషన్స్, క్రియేట్ ఆటోమేషన్. వెన్ దగ్గర గీజర్ ప్లగ్ స్టేట్ ఎంచుకుని, టూ గడిలో ఆన్, ఫర్ గడిలో 20 నిమిషాలు. ఫ్రమ్ గడి ఖాళీగా వదిలేయండి. ప్లగ్ కాసేపు నెట్‌వర్క్ నుంచి తప్పిపోయి తిరిగొస్తే అది ఆఫ్ నుంచి ఆన్ కాదు, అన్‌అవైలబుల్ నుంచి ఆన్ అవుతుంది. ఫ్రమ్ గడిలో ఆఫ్ రాస్తే ఆ సందర్భంలో ఆటోమేషన్ కదలదు. దెన్ డూ దగ్గర ప్లగ్ టర్న్ ఆఫ్.

ఇంతటితో ఆపేస్తే ప్రమాదం మిగిలే ఉంటుంది. ఆ 20 నిమిషాల లెక్క హోమ్ అసిస్టెంట్ రీస్టార్ట్ అయితే పోతుంది. గీజర్ వేసిన పదో నిమిషంలో సర్వర్ రీస్టార్ట్ అయిందనుకోండి, పాత లెక్క గుర్తుండదు. అందుకే వెన్ దగ్గర ఇంకో ట్రిగ్గర్ (ఆటోమేషన్‌ను కదిలించే సందర్భం) చేర్చండి: హోమ్ అసిస్టెంట్ స్టార్ట్ అయినప్పుడు. అంటే సర్వర్ లేచిన ప్రతిసారీ గీజర్ ఆగిపోతుంది. చల్లనీళ్లు పడినా ఫర్వాలేదు.

గీజర్‌లోని థర్మోస్టాట్, సేఫ్టీ వాల్వ్ పాడైతే ఈ ఆటోమేషన్ వాటికి బదులు కాదు, అవి సరిగ్గా ఉన్నాకే ఇది.

పరీక్షించడానికి ఫర్ గడిలో ఒక నిమిషం పెట్టి, గీజర్ బదులు టేబుల్ ల్యాంపు తగిలించండి. ఒకసారి నిమిషం ఆగి చూడండి. ఇంకోసారి ల్యాంపు వేసి, వెంటనే హోమ్ అసిస్టెంట్‌ను రీస్టార్ట్ చేసి చూడండి. రెండుసార్లూ ఆరిపోతే గీజర్‌కు మార్చి 20 నిమిషాలు పెట్టండి. సరిగ్గా రాకపోతే ఆటోమేషన్ మెనూలో ట్రేసెస్ తెరిస్తే ఏ మెట్టు దగ్గర ఆగిందో బొమ్మలా కనిపిస్తుంది.

10. బయటి నుంచి చూడాలంటే

రూటర్‌లో 8123 పోర్టు ఇంటర్నెట్‌కు తెరవొద్దు. పాత వీడియోలు చూసి చాలామంది ఇదే చేస్తారు, మీ ఇంటి తాళంచెవి వీధిలో పెట్టినట్టే. పైగా మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లు సీజీనాట్ (ఒకే బయటి ఐపీని చాలా ఇళ్లు పంచుకునే ఏర్పాటు) వెనక ఉంటాయి కాబట్టి పోర్టు తెరిచినా బయటి నుంచి అందదు.

నేను సూచించేది టెయిల్‌స్కేల్, మీ పరికరాల మధ్య ఇంటర్నెట్ మీదుగా సొంత సురక్షిత దారి వేసే సేవ. హోమ్ అసిస్టెంట్‌లోనే యాడ్-ఆన్‌గా (కొత్త వెర్షన్లలో యాప్ అంటారు) దొరుకుతుంది. సర్వర్‌లోనూ ఫోన్‌లోనూ పెట్టి ఒకే ఖాతాతో లాగిన్ అయితే చాలు. లాగిన్ గడువు ముగిసి అమెరికాలో ఉన్నప్పుడు తెగిపోకుండా, టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో సర్వర్‌కు కీ ఎక్స్‌పైరీ డిజేబుల్ చేయండి. డబ్బు పెట్టగలిగితే నబూ కాసా అనే కంపెనీ వారి హోమ్ అసిస్టెంట్ క్లౌడ్ ఇంకా తేలిక, ఆ డబ్బు ప్రాజెక్టుకు కూడా ఉపయోగపడుతుంది.

పరీక్ష: ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో తెరవండి. ఇంట్లో వైఫై మీద ఉండి "బయటి నుంచి వస్తోంది" అనుకుని విమానం ఎక్కేసినవాళ్లు నాకు తెలుసు.

11. అప్‌డేట్లు

ప్రతి నెలా మొదటి బుధవారం కొత్త వెర్షన్ వస్తుంది. వచ్చిన రోజే నొక్కొద్దు. ఆ తర్వాత చిన్న సవరణలు ఒకటి రెండు వస్తాయి, అప్పుడు చేయండి. ముందు బ్యాకప్ తీసుకోండి. దూరంగా ఉన్న ఇంటికైతే మీరు సెలవుకు వచ్చినప్పుడో, ఇంట్లో సాయం చేసేవాళ్లు ఉన్న రోజో చేయండి. రెండు మూడు నెలలకోసారి చేసినా చాలు.

12. డబ్బా మీద ఒక కాగితం అంటించండి

పెద్ద అక్షరాలతో, తెలుగులో. మా ఇంట్లో డబ్బా మీద ఉన్నది ఇది:

"ఈ ప్లగ్ తీయొద్దు. ఏదైనా పని చేయకపోతే గోడ స్విచ్చులు మామూలుగానే పని చేస్తాయి, అవే వాడండి. కరెంటు వచ్చాక ఐదు నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే ముందు రూటర్ లైట్లు చూడండి, తర్వాత నాకు ఫోన్ చేయండి. కీబోర్డు బీరువా కింది అరలో ఉంది."